కింద కృష్ణ, మీద మోటరు

చౌటుప్పల్‌కు రోడ్డుంది, నది లేదు. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి ఊరి నడుమ నుంచే పోతుంది. ఉత్తరాన కాస్త దూరంలో మూసీ ఉందిగానీ, అది పట్నం మురుగంతా మోసుకొచ్చే మూసీ. భూమిలో దొరికే నీళ్లలో ఫ్లోరైడు. నల్లగొండ జిల్లా అనగానే వంకర్లు తిరిగిన కాళ్ల ఫొటోలు గుర్తొచ్చే రోజులు మొన్నమొన్నటిదాకా ఉన్నాయి. 2015 జూన్‌లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే వాటర్‌గ్రిడ్ పథకానికి (తర్వాత మిషన్ భగీరథ అన్నారు) పైలాన్‌ను చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించడానికి ఈ కష్టమే కారణం.

పురాణంలో భగీరథుడు గంగను పైనుంచి కిందికి దించాడు. ఇక్కడి పని దానికి తలకిందులు. సాగర్ జలాశయం నిండితే 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి సుమారు 180 మీటర్లు. శ్రీశైలం నిండితే 885 అడుగులు, 270 మీటర్లు. చౌటుప్పల్ 350 మీటర్లకు పైనే ఉంటుంది. కృష్ణ ఎంత నిండుగా పారినా ఈ మెట్ట మీదికి తనంతట తాను ఒక్క బొట్టు కూడా ఎక్కదు. ఎక్కించాలి, కరెంటు పెట్టి.

చిన్న లెక్క వేద్దాం. ఒక టీఎంసీ నీరు శ్రీశైలం నుంచి సాగర్ మట్టానికి దిగితే దాదాపు 90 మీటర్ల ఎత్తు నుంచి పడినట్టు. టర్బైన్లు, జనరేటర్లు మింగే నష్టం తీసేసినా 60 లక్షల యూనిట్ల విద్యుత్తు వస్తుంది. అదే టీఎంసీని సాగర్ నుంచి చౌటుప్పల్ మట్టానికి ఎత్తాలంటే 170 మీటర్లు ఎక్కించాలి. పంపుల్లో, పైపుల్లో పోయేది కలుపుకుంటే కోటీ అరవై లక్షల యూనిట్ల దాకా కావాలి. దిగేటప్పుడు ఇచ్చింది రూపాయి అయితే ఎక్కేటప్పుడు తినేది రెండున్నర పైనే. దక్షిణ తెలంగాణలో జల విద్యుత్తు గురించి ఏం మాట్లాడినా ఈ తేడాను పక్కన పెట్టి మాట్లాడలేం. నది పక్కన ఉండేవాళ్లకు డ్యామంటే నీళ్లూ కరెంటూ రెండూ. మెట్ట మీద ఉండేవాళ్లకు కరెంటుంటేనే నీళ్లు.

బోరు దగ్గరికి వెళ్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. చెట్టుకో స్తంభానికో బిగించిన ఇనప డబ్బా, లోపల స్టార్టరు, పైన మూడు ఫేజులకు మూడు బుడ్డి లైట్లు. మూడూ వెలిగితేనే పచ్చ బటన్ నొక్కాలి. నొక్కగానే లోపల టప్పుమని కాంటాక్టర్ పడుతుంది, ఆంపియర్ల ముల్లు ఒక్కసారి ఎగిరి వెనక్కి వచ్చి కుదురుకుంటుంది. పైపులోంచి ముందు గాలి, తర్వాత తుంపర, ఆ తర్వాత ధార. ధార వచ్చిందంటే ఆ పూట గట్టెక్కినట్టే. చౌటుప్పల్ దగ్గర ఎన్‌జీఆర్‌ఐకి, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు, బోర్లతో నిండిన ఒక పరిశోధన క్షేత్రం ఉంది. ఈ గ్రానైటు రాతిలో నీరు ఎట్లా నిలుస్తుంది, ఏ పగుళ్ల గుండా కదులుతుంది అన్నది అక్కడ ఏళ్ల తరబడి చూస్తున్నారు. స్థూలంగా తేలేదేమిటంటే, పైన మెత్తబడిన పొర, దాని కింద పగుళ్లున్న పొర, ఈ రెండింట్లోనే నీరు ఉంటుంది. ఆ కింద గట్టి రాయి. అప్పు చేసి ఎనిమిది వందల అడుగులు దింపినా చాలాసార్లు దుమ్మే వచ్చేది అందుకే.

సరే, ఐదు హార్స్‌పవర్ మోటరు గంట నడిస్తే సుమారు నాలుగు యూనిట్లు కాలుతుంది. ఆ నాలుగు యూనిట్లు పుట్టాలంటే ఎక్కడో కొంత నీరు కిందికి పడాలి. ఎంత నీరు అన్నది పడే ఎత్తును బట్టి ఉంటుంది. గద్వాల దగ్గర జూరాలలో నీరు పడేది ఇరవై మీటర్ల చిల్లర. అక్కడ 80 ఘనపు మీటర్లు, అంటే పెద్ద ట్యాంకర్లలో ఏడెనిమిది, కావాలి. శ్రీశైలంలో 19 ఘనపు మీటర్లు చాలు. భూటాన్‌లో తాలా అనే చోట దాదాపు 860 మీటర్ల ఎత్తు నుంచి నీరు పడుతుంది. అక్కడ రెండంటే రెండు ఘనపు మీటర్లతో మన మోటరు గంట నడుస్తుంది.

హిమాలయాల్లోని చిన్న దేశాలు జల విద్యుత్తును నమ్ముకోవడానికి ఈ ఒక్క అంకె చాలు. భూటాన్ జనాభా ఎనిమిది లక్షలకు కాస్త అటూఇటూ, మన పెద్ద జిల్లా ఒక్కదానికి కూడా సరిపోదు. చమురు లేదు, పెద్ద కర్మాగారాలు లేవు, సాగు భూమి తక్కువ. ఉన్నదల్లా నిట్టనిలువు కొండలు, మంచూ వానా కలిసి నింపే నదులు. 1974లో భారత్‌తో ఒప్పందం కుదిరింది. వాంగ్‌ఛూ నది మీద 336 మెగావాట్ల చుఖా కేంద్రాన్ని భారత్ కట్టించింది. ఖర్చులో 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు. భూటాన్ తన అవసరానికి వాడుకోగా మిగిలిన కరెంటును భారత్ కొనాలి. 1986లో మొదటి యూనిట్ తిరిగింది, 1988కల్లా నాలుగూ తిరిగాయి. అదే నదికి దిగువన 1020 మెగావాట్ల తాలా 2006–07లో మొదలైంది. చుఖాలో పని చేసి వదిలిన నీటినే ఆనకట్టి, 23 కిలోమీటర్ల సొరంగంలో నడిపించి, కొండ కడుపులో తవ్విన విద్యుత్ కేంద్రంలోకి దూకిస్తారు. పెద్ద జలాశయం లేదు. నది ఎంత ఇస్తే అంతే.

ఆ తర్వాతి కథ అంత సాఫీగా లేదు. 720 మెగావాట్ల మాంగ్‌దేఛూ 2019లో అందుకుంది, కానీ ఈసారి గ్రాంటు 30 శాతమే, 70 శాతం అప్పు. 1200 మెగావాట్ల పునత్‌సాంగ్‌ఛూ–1లో డ్యాము పక్క కొండ 2013లో జారడం మొదలై పనులు ఏళ్ల తరబడి ఆగాయి, వ్యయం రెట్టింపు దాటింది. భూటాన్ విదేశీ అప్పులో సింహభాగం ఈ ప్రాజెక్టులదే. కొండ దేశానికి ఎత్తు ఎంత వరమో, ఆ ఎత్తు నిలబడి ఉన్న రాయి అంత గండం. ఇంజినీర్లు నీటిని లెక్కగట్టినంత కచ్చితంగా కొండను లెక్కగట్టలేరు.

తాలా కరెంటుకూ చౌటుప్పల్ మోటరుకూ సంబంధం ఏమిటంటే, రెండూ ఒకే గ్రిడ్‌లో ఉన్నాయి. 2013 డిసెంబర్ 31 దాకా లేవు. అప్పటిదాకా దక్షిణాది గ్రిడ్ విడిగా నడిచేది. ఉత్తరాది నుంచి కరెంటు రావాలంటే గాజువాక, చంద్రపూర్ లాంటి చోట్ల ఏసీని డీసీగా మార్చి, మళ్లీ ఏసీగా మార్చి అందించుకోవాల్సిందే. చేతులు కలపకుండా గోడ మీదుగా గిన్నె అందించుకున్నట్టు. ఆ విడితనం ఒకసారి మేలే చేసింది. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కుప్పకూలి అరవై కోట్ల మంది చీకట్లో పడితే, దక్షిణాదికి ఏమీ కాలేదు. కానీ కరెంటు కరువులో మాత్రం అది శాపమే. అక్కడ మిగులున్నా ఇక్కడికి తెచ్చుకునే దారి ఇరుకు. రాయచూరు–సోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైను కలవడంతో ఆ గోడ పోయింది. రాయచూరు ఎక్కడో కాదు, కృష్ణ దాటితే మక్తల్ అవతల.

కలవడం అంటే ఏమిటో కాస్త చూడాలి. గ్రిడ్‌లో ఉన్న ప్రతి జనరేటరూ ఏసీ కరెంటును సెకనుకు 50 ఆవృతులతో పుట్టించాలి. తాలా యంత్రం వేగం ఒకటి, రామగుండం బొగ్గు యంత్రం వేగం ఇంకొకటి, శ్రీశైలానిది మరీ నెమ్మది. అయస్కాంత ధ్రువాల సంఖ్య వేరు కాబట్టి వేగాలు వేరైనా అన్నిటి లయా ఒక్కటే. ఎక్కడో పెద్ద యంత్రం ఆగిపోతే ఆ లయ ఒక్క క్షణంలో దేశమంతటా కాస్త మందగిస్తుంది. భూటాన్‌లోనూ, చౌటుప్పల్ బోరు మోటరులోనూ. 49.9కీ 50.05కీ మధ్య ఉంచాలని నియమం. తాలా కరెంటు అంత దూరం ప్రయాణించి మన చేను తడుపుతుందని కాదు. కరెంటు అట్లా పేరు రాసుకుని నడవదు. అక్కడ వెయ్యి మెగావాట్లు గ్రిడ్‌లోకి పడితే, ఇంకెక్కడో ఆ మేరకు బొగ్గు కాలడం తగ్గుతుంది. అంతే. గ్రిడ్‌లో కలిసిన కరెంటును ఇది నాది, అది నీది అని ఎవరూ ఏరలేరు. మీటరు చూసి డబ్బు లెక్క కట్టుకోవడమే.

నీళ్లు అట్లా కావు.

2021 వానకాలం మొదట్లో జరిగింది గుర్తుందా? జూన్ చివర్లో తెలంగాణ ప్రభుత్వం తన జల విద్యుత్ కేంద్రాలన్నిటినీ పూర్తి సామర్థ్యంతో నడపమంది. శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రం, సాగర్, పులిచింతల, అన్నీ తిరిగాయి. శ్రీశైలంలో మట్టం అప్పటికి 854 అడుగులకు చేరలేదు. ఆంధ్రప్రదేశ్ గగ్గోలు పెట్టింది. 854 దాటితేగానీ పోతిరెడ్డిపాడు నుంచి రాయలసీమకు, చెన్నై తాగునీటికి సరిగా నీరు మళ్లదు. టర్బైన్లు తిప్పుతూ పోతే మట్టం ఎప్పటికి లేస్తుంది? తెలంగాణ జవాబు కూడా తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు: శ్రీశైలం పుట్టిందే జల విద్యుత్ ప్రాజెక్టుగా, బచావత్ ట్రిబ్యునల్ చూసిందీ అట్లాగే, మా మెట్టకు నీళ్లెక్కాలంటే కరెంటు కావాలి. డ్యాముల మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. కిందికి వదిలిన నీటిలో కొంత ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రంలో కలిసింది. ఆ జూలైలోనే కేంద్రం కృష్ణా బోర్డు పరిధిని నిర్ణయిస్తూ గెజిట్ ఇచ్చింది. అయినా 2023 నవంబర్ చివర, తెలంగాణ పోలింగ్ ముందు రాత్రి, సాగర్ డ్యాము మీద మళ్లీ పోలీసులే కనిపించారు.

రెండు దేశాలు యాభై ఏళ్లుగా నెట్టుకొస్తున్న వ్యవహారాన్ని, ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాలు పదేళ్లు నడపలేకపోయాయని వెక్కిరించడం తేలిక. నాకు ఆ పోలిక అన్యాయంగా కనిపిస్తుంది. తాలా టర్బైన్ దాటిన నీటితో భూటాన్‌కు పని లేదు. సరిహద్దు కొన్ని కిలోమీటర్లే. ఆ నది బెంగాల్‌లో రాయ్‌డాక్ అయిపోయి, చివరికి బ్రహ్మపుత్రలో కలుస్తుంది. జూలైలో వదిలినా జనవరిలో వదిలినా భూటాన్ రైతుకు పోయేదేమీ లేదు. అక్కడ నీరు ఒకే పనికి మాటిచ్చింది. శ్రీశైలంలో అదే నీటిబొట్టు నాలుగు చోట్ల మాటిచ్చి ఉంది: టర్బైనుకు, సీమ కాలువకు, సాగర్ ఆయకట్టుకు, పట్నం నల్లాకు. టర్బైను నీటిని తాగదు, నిజమే. కానీ ఎప్పుడు వదలాలో, ఎంత మట్టం మిగలాలో అదే తేల్చేస్తుంది. గొడవంతా కాలం మీద, మట్టం మీద. కరెంటు మీద కాదు.

దానికి రుజువు మన దగ్గరే ఉంది. కరెంటు ఒక్కటే పంచుకోవాల్సిన చోట మనవాళ్లు బాగానే పంచుకున్నారు. జూరాల కేంద్రంలో 39 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 234 మెగావాట్లు. అందులో సగం కర్ణాటకది. గద్వాల పక్కన పుట్టిన కరెంటులో రాయచూరు వాటా పోతుందని ఇటువైపు ఎవరూ ధర్నా చేయగా వినలేదు. అంతకన్నా పాతది మాచ్‌ఖండ్. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు నది మీద 1955లో మొదలైంది. మొదట ఆంధ్రకు 70 పాళ్లు, ఒడిశాకు 30. తర్వాత ఒడిశా వాటా సగానికి పెరిగింది. తుంగభద్ర డ్యాము కరెంటు ఆంధ్రకు 80, కర్ణాటకకు 20. అదే తుంగభద్ర నీళ్ల మాటెత్తితే, రాజోలిబండ తూముల దగ్గర ఎన్ని తగాదాలయ్యాయో పాలమూరు వాళ్లను అడగాలి.

దేశాల మధ్య కూడా ఒప్పందం రాసుకోగానే పని అయిపోదు. శ్రీకాకుళం వైపు రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ సంస్థ, నేపాల్‌లో 900 మెగావాట్ల ఎగువ కర్ణాలి ప్రాజెక్టుకు 2008లో ఒప్పందం చేసుకుంది. 2014లో అభివృద్ధి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. నేపాల్‌కు 12 శాతం కరెంటు ఉచితం, 27 శాతం వాటా ఉచితం. కొనేవాళ్లు కుదరక, అప్పు ఇచ్చేవాళ్లు తేలక, అక్కడి కోర్టుల్లో కేసులతో అది సాగుతూనే ఉంది. కాగా నేపాల్ చిన్న ఎత్తున వేరే దారిలో ముందుకు కదిలింది. 2021 చివర నుంచి 39 మెగావాట్లతో మొదలుపెట్టి మన విద్యుత్ ఎక్స్ఛేంజీలో అమ్ముతోంది. 2024 నవంబర్‌లో భారత్ లైన్ల గుండా బంగ్లాదేశ్‌కు 40 మెగావాట్లు పంపింది. మూడు దేశాలు, నలభై మెగావాట్లు. పరిమాణం నవ్వొచ్చేంత. కానీ ఒక దేశం కరెంటు ఇంకో దేశం తీగల మీద మూడో దేశానికి పోవడానికి కావలసిన కాగితాలన్నీ ఆ నలభైతోనే తయారయ్యాయి.

అయితే హిమాలయ కరెంటు వస్తే మన యాసంగి గట్టెక్కుతుందనే మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. అది కుదరదు. తాలా లాంటి కేంద్రాలకు జలాశయం లేదని చెప్పుకున్నాం కదా. వానకాలంలో అవి నిండుగా తిరుగుతాయి. సరిగ్గా అప్పుడే శ్రీశైలమూ నిండుతుంది, చేలకూ వాన పడుతుంది, మోటర్లు ఆగి ఉంటాయి. చలికాలం వచ్చేసరికి కొండ నదులు సన్నబడి, ఉత్పత్తిలో చిన్న భాగమే మిగులుతుంది. అప్పుడు భూటానే మన దగ్గర కరెంటు కొంటుంది. జనవరిలో నాట్లు పడి, మార్చికి ఎండ ముదిరి, చౌటుప్పల్‌లోనూ దేవరకొండలోనూ బోర్లన్నీ ఒకేసారి నడిచే రోజులకు తెలంగాణ గరిష్ఠ డిమాండు వస్తుంది. 2025 మార్చిలో అది 17 వేల మెగావాట్లు దాటింది. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక ఈ శిఖరం ఇంకా నిక్కింది. ఆటోమేటిక్ స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను బతిమాలింది అందుకే. కరెంటు రాగానే అన్ని మోటర్లూ తమంతట తామే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్లూ తట్టుకోవు, భూగర్భ జలమూ తట్టుకోదు.

మార్చిలో మనకు కొరత ఉండేది సాయంత్రాలకు, తెల్లవారుజాములకు. మధ్యాహ్నం సోలారు దండిగా ఉంటుంది. ఆ మధ్యాహ్నాన్ని సాయంత్రానికి దాచిపెట్టే యంత్రాలు మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ తిరగేసి నడిచేవే. 2020 ఆగస్టు 20 రాత్రి అగ్నిప్రమాదంలో తొమ్మిది మంది ప్రాణాలు పోయింది ఆ కేంద్రంలోనే. సాగర్‌లో ఎనిమిది యూనిట్లలో ఏడు, 100.8 మెగావాట్లవి, ఇదే రకం. 1980ల మొదట్లో వచ్చిన ఇవి ఈ తరహాలో దేశంలోనే తొలి తరం. మిగులున్నప్పుడు యంత్రాన్ని వెనక్కి తిప్పి కింది నీటిని పైకి తోడాలి, కొరత వచ్చినప్పుడు అదే నీటిని కిందికి వదలాలి. నాలుగు యూనిట్లు పెట్టి మూడు తీసుకోవడం. ఆ ఒక్క యూనిటు నష్టం దాచినందుకు కట్టే కిరాయి అనుకోవచ్చు. మధ్యాహ్నం చవకగా దొరికేది సాయంత్రం ఎంత ప్రియమో చూసినవాళ్లు ఆ కిరాయిని తప్పుపట్టరు.

అన్నిటికీ మించి, ఇందులో నీరు ఖర్చు కాదు. అవే నీళ్లు ఎక్కుతాయి, దిగుతాయి. సీమ కాలువకు కావలసిన మట్టమూ పోదు, డెల్టా వాటా ముందే సముద్రం పాలు కాదు. నీటి తగాదాలోంచి కరెంటును విడదీసి మాట్లాడుకోవడానికి కృష్ణ మీద ఇంతకన్నా మంచి చోటు నాకు కనిపించదు. ఇక్కడ కూడా సరిహద్దు అడ్డం ఉంది, కాకపోతే దాటగలిగినంత ఎత్తులోనే. సాగర్ యంత్రాలు నీటిని పైకి తోడాలంటే డ్యాము కింద ఎప్పుడూ నీరు నిలిచి ఉండాలి. అందుకోసం దిగువన సత్రశాల దగ్గర చిన్న డ్యాము కట్టారు. పైనున్న టర్బైన్లు తెలంగాణ జెన్‌కోవి. సత్రశాల డ్యాము, దానికున్న 25 మెగావాట్ల యూనిట్లు రెండూ ఆంధ్రప్రదేశ్ జెన్‌కోవి. ఆంధ్ర తన చిన్న టర్బైన్లు తిప్పితే కింది నీటిమట్టం తగ్గుతుంది, తెలంగాణ తన పెద్ద పంపులు నడపాలంటే ఆ మట్టం ఉండాలి. ఎన్ని గంటలు నిలపాలి, నిలిపినందుకు యూనిటుకు ఎంత లేదా రోజుకు ఎంత అన్నది రెండు జెన్‌కోల ఇంజినీర్లు కూర్చుంటే ఒక పూటలో వేసే లెక్క. చుఖాలో 1974లో రాసుకున్నది దీనికన్నా చాలా పెద్ద లెక్క, అది కూడా రెండు దేశాల మధ్య.